దారానికి ఓరగా

సోమవారం. భీమిలి నుంచి నీటూరికి. పై అంతస్తు.

రోజూ దినచర్య రాయాలని కంపెనీ రూలు. "ఇబ్బంది ఏమీ లేదు" అని ఒక్క ముక్క గిలికి పడేస్తే చాలంటారు మిగతా పైలట్లు. నాకు ఒక్క ముక్కతో సరిపెట్టుకోవడం చేతకాదు. పైగా వారం రోజులుగా నా చేతులకి పని లేదు. పని లేని మంగలి పిల్లి తల గొరిగినట్టు నేను ఈ పుస్తకం పట్టుకున్నాను.

సరుకు: తాగునీళ్ళు, బియ్యం, ఉల్లిపాయలు, నీటూరి బడికి బల్లలు. గాలిసంచులు మూడూ బాగున్నాయి. తెల్లవారగానే లేచాం. మునిగిపోయిన పాత భీమిలి మీదుగా దాటగానే దారం తగిలింది. దారమంటే కంటికి కనబడేది కాదు. భీమిలి గోపురం నుంచి సముద్రం నడుమ తేలే నీటూరి గోపురం దాకా వేసిన రేడియో కిరణం. తెప్పని దాని మీద వదిలితే సాయంత్రం దాకా జానెడు కూడా అటూ ఇటూ కాదు. మా తాతలు వేటకి వెళ్ళిన తెప్పల పేరే ఈ గాలిలో తేలేవాటికీ పెట్టుకున్నాం. వెళ్ళేవి పై అంతస్తులో, వచ్చేవి కింది అంతస్తులో. దారం మాత్రం రెండింటికీ ఒకటే.

అందులోనే ఉంది చిక్కు. దారం మరీ సన్నం కాబట్టి, ఎవరైనా ఎత్తు తప్పితే ఎదురొచ్చేవాడితో ముఖాముఖే. అందుకని మా పెద్దవాళ్ళు ఓర పట్టడం అలవాటు చేశారు. అంటే దారానికి మన కుడిచేతి పక్కగా కొంచెం తప్పుకుని నడపడం. ఎంత తప్పుకోవాలో బయల్దేరే ముందు గవ్వలు వేసి తేల్చుకునేవాళ్ళం. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని అరమైళ్ళు. ఎవరి ఓర వాళ్ళకే తెలియాలి. అడక్కూడదు, చెప్పకూడదు. "సెప్పుకుంటే సర్దుకుంటారు, సర్దుకుంటే మల్లీ ఒక్క కాడికే వస్తారు" అనేది మాకు పని నేర్పిన పేర్ల దానమ్మ.

కంపెనీకి ఇది గిట్టేది కాదు. ఓర పట్టి దొరికితే జీతం కోసేవారు. మా తమ్ముడు ఎల్లాజీ పైలట్ల సంఘంలో చేరి, ఏళ్ళ తరబడి పోట్లాడి, ఓరని రూలు చేయించాడు. పోయిన వారం ప్రతి తెప్పలోనూ ఓర పెట్టె అని ఒకటి బిగించారు. ఇక గవ్వలు అక్కర్లేదు, చుక్కాని పట్టుకునే పని లేదు. అందరినీ ఒక మైలు పక్కన ఉంచడం పెట్టె వంతు.

"అందరికీ ఒకటే మైలేట్రా?" అన్నాను వాడితో.

"అదే పద్దతి అప్పా. గవ్వలేసుకుని బతికీ రోజులు పోయాయి" అన్నాడు, పెట్టెని తనే కన్నట్టు మురిసిపోతూ.

నేను వెళ్ళే రోజు వాడు వస్తాడు, నేను వచ్చే రోజు వాడు వెళతాడు. నడిసంద్రం మీద మధ్యాహ్నం ఒకరినొకరం దాటుకుంటాం. అమ్మ పోయాక ఈ అక్క చంకనేసుకుని తిరిగిన పిల్లాడితో మాట్లాడాలంటే ఇప్పుడు ఫోనే గతి. ఇవాళ దాటుకునే వేళకి వాన. ఏమీ కనబడలేదు. గది తుడిచాను. ఇంకోసారి తుడిచాను. నీటూరు చేరేసరికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. పని చేసి అలసిపోవడం తెలుసు గానీ కూర్చుని అలసిపోవడం ఇదే మొదలు.

మంగళవారం. నీటూరు నుంచి భీమిలికి. కింది అంతస్తు.

సరుకు: నాచు మోపులు, ఉప్పు చేప. గదంతా అదే కంపు. అద్దాలకి పట్టిన ఉప్పు తుడిచాను.

చాలా రోజులకి ఎండ కాసింది. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు నా తెప్ప నీడ సరిగ్గా నా కింద, నీళ్ళ మీద పడుతుంది. అంబలి గిన్నె పట్టుకుని దాన్నే చూస్తున్నాను. ఎదురుగా ఇంకో నీడ వచ్చింది. వచ్చి నా నీడలోకి దూరింది. రెండూ కలిసి ఒక్క నీడైంది. నా పైన ఎక్కడో ఇంజన్ల రొద. కాసేపటికి ఆ నీడ నా నీడలోంచి బయటపడి వెనక్కి పోయింది.

గిన్నె కింద పెట్టాను. మళ్ళీ తీశాను. తాగబుద్ధి కాలేదు.

ఓర పట్టిన తెప్పల నీడలు కలవకూడదు. వాడి కుడి వాడికి, నా కుడి నాకు. నడుమ దారం, దారానికి అటో మైలు, ఇటో మైలు. పాతికేళ్ళ సర్వీసులో ఇలా కలవడం నేను చూడలేదు. ఆ నీడ ఎల్లాజీది.

భీమిలిలో దిగగానే నీటూరికి ఫోన్ చేశాను. అడక్కూడనిది అడిగాను. "నిజం సెప్పు. పెట్టె తీసీసి దారం మీదే వచ్చావా?"

"నానెందుకు తీత్తాను? తీసింది నువ్వే అయ్యుంటావు. పెట్టంటే మొదట్నుంచీ పడదు గదా నీకు."

"నా చెయ్యి దాని మీద పడలేదురా."

"నా చెయ్యీ పడలేదు. నీడలు నానూ సూసినాను. నువ్వే సెప్తావులే అని ఊరుకున్నాను."

వాడి గొంతులో కోపం కన్నా జాలి ఎక్కువుంది, ముసలిదానికి చాదస్తం ముదిరిందన్నట్టు. ఫోన్ పెట్టేశాను. వాడు అబద్ధమాడుతున్నాడని కాదు నా బాధ. చిన్నప్పటి నుంచీ వాడు అబద్ధమాడితే నాకు తెలిసిపోయేది. ఇవాళ తెలియలేదు.

బుధవారం. భీమిలి నుంచి నీటూరికి. పై అంతస్తు.

సరుకు: నీళ్ళు, బియ్యం, మందుల పెట్టెలు.

రేపొద్దున్న ఎవరైనా నన్ను అంటారేమోనని పొద్దున్నుంచీ పెట్టె దరిదాపులకి పోలేదు. దాని పచ్చదీపం వెలుగుతూనే ఉంది. వంట కూడా ఇటు తిరిగి చేశాను. మధ్యాహ్నం మబ్బుల సందున కాసింత ఎండ. కింద మళ్ళీ అదే వరస. రెండు నీడలు ఎదురెదురుగా వచ్చి ఒకదాంట్లో ఒకటి దూరి, విడిపోయాయి. ఈసారి పైన ఉన్నది నేను, కింద వాడు.

నా పెట్టె సరిగ్గా ఉందని నాకు తెలుసు. అంటే వాడిదే తేడా. కాదంటాడు. సంఘం నాయకుడై ఉండి, తను తెప్పించిన పెట్టెలో లోటుందంటే తలకొట్టేసినట్టు కాదూ? అందుకే దాస్తున్నాడనుకున్నాను. అలా అనుకుంటే ఒళ్ళు మండింది. మండాక ఏడుపొచ్చింది. ఈ గదిలో అటు ఏడడుగులు, ఇటు ఏడడుగులు. ఎన్నిసార్లు తిరిగానో.

నీటూరు నుంచి ఆఫీసుకి ఫోన్ చేశాను. పెట్టెల సంగతి చూసే హైమావతి గారు మర్యాదస్తురాలు. పాపం అంతా ఓపిగ్గా విన్నది.

"మీ రికార్డు నా ముందే ఉంది మేడం. మీరు ఒక మైలు పక్కనే ఉన్నారు. ఎల్లాజీ గారూ ఒక మైలు పక్కనే ఉన్నారు. ఇద్దరూ కరెక్టే."

"ఇద్దరమూ కరెక్టయితే మా నీడలెందుకు కలుస్తున్నాయండీ?"

"ఎండ వాలును బట్టి అలా అనిపిస్తుందేమో. అయినా మీ ఎత్తులు వేరు కదా మేడం. ఒకరు పైన, ఒకరు కింద. భయం దేనికి?"

ఫోన్ పెట్టేశాను. చెప్పలేని భయం చెప్పగలిగిన భయం కన్నా చెడ్డది.

గురువారం. నీటూరు నుంచి భీమిలికి. కింది అంతస్తు.

నీటూరి పక్కన అల్పపీడనం ఏర్పడింది. తుపాను కాదు, పడవలు ఆపేంత కూడా కాదు, అందుకే మమ్మల్నీ ఆపలేదు. ఆకాశం బూడిద రంగు. నీళ్ళ మీద నీడల్లేవు.

దాటుకునే వేళకి అద్దం దగ్గర నిలబడ్డాను. వాడు కనబడలేదు, వినబడ్డాడు. మంగళవారం ఎక్కడో పైన విన్న రొద ఇవాళ నా నెత్తి మీద రోలు దొర్లించినట్టుంది. గ్లాసులో టీ వణికింది. సంచులకి కట్టిన తాళ్ళు మోగాయి. వాడి పంకాల గాలి నా తెప్పని తొక్కి వదిలింది.

ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, మా పనిలో ఇది మొదటి పాఠం. మా ఎత్తు చెప్పే ముల్లు గాలి బరువును బట్టి నడుస్తుంది. బయల్దేరే ఊళ్ళో గాలి బరువుకి దాన్ని సరిచేస్తారు. అల్పపీడనంలోకి పోయేకొద్దీ గాలి తేలికవుతుంది, ముల్లు మనల్ని ఉన్నదానికన్నా పైన ఉన్నట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి తెప్ప తనంతట తానే దిగుతూ పోతుంది. మధ్యలో ఎంత దిగామో చెప్పడానికి సముద్రంలో ఎవరున్నారు? భీమిలి గాలికి ముల్లు సరిచేసుకుని వచ్చిన ఎల్లాజీ, పై అంతస్తులో ఉన్నాననుకుంటూనే నా మీదికి దిగుతున్నాడు.

ఇలాంటి రోజుల్లో మమ్మల్ని కాచింది ఓరే. ఎత్తు పోయినా పక్క మిగిలేది. ఇప్పుడు ఆ పక్క ఏమైందో తెలియదు.

ఫోన్లో చెప్పాను. "కిందికి దిగిపోతన్నావురా నువ్వు."

"ముల్లు సరిగ్గానే ఉన్నాదప్పా."

"ముల్లు సెప్పదు. నా టీ సెప్పింది."

"అప్పా, నువ్వు సరిగ్గా నిద్దరోయి ఎన్నాల్లయింది?"

ఆ మాటకి నాకు ఎంత కోపమొచ్చిందంటే, వాడికి చిన్నప్పుడు గోరుముద్దలు పెట్టినందుకు కూడా పశ్చాత్తాపపడ్డాను.

శుక్రవారం. భీమిలి నుంచి నీటూరికి. పై అంతస్తు.

రోజంతా వాన. ఏమీ కనబడలేదు, ఏమీ వినబడలేదు. అదీ బాగోలేదు.

నీటూరి గోపురానికి తెప్పని కట్టేశాక ముల్లు వైపు చూశాను. మేమింకా ఆకాశంలోనే ఉన్నామంటోంది. ఒక అంతస్తుకి కాస్త తక్కువ తేడా. అంటే వచ్చేటప్పుడు నేనూ దిగిపోయాను, ఎల్లాజీ నెత్తి మీదికి. గోపురం మీద తాళ్ళు పట్టే సన్నాసమ్మ "రత్నమ్మా, మొకం అలగైపోనాదేటి, అన్నం తిన్నావా?" అని అడిగింది. నూకరత్నం అని పూర్తి పేరుతో ఈ ఊళ్ళో నన్నెవరూ పిలవరు. తిన్నానని అబద్ధం చెప్పాను.

సాయంత్రం వాడే చేశాడు. నిన్నట్నుంచీ అలిగిన గొంతు. ఆ గొంతు నాకు ప్రాణం.

"అప్పా, రేపు ఓ పని సేత్తాను. నువ్వు నా పక్కకే వచ్చీస్తన్నావు గదా, పెట్టె పీకీసి, అటు పక్కకి, ఉత్తరానికి ఎల్లిపోతాను. నీ గోల తీరిపోద్ది."

"నిజంగానేట్రా?"

"ఊరికే అన్నాన్లే. పెట్టె కావాలని గొంతు సించుకున్నోన్ని నానే పీకితే నలుగురూ నవ్వరేటి?" మళ్ళీ తనే, "సూద్దాం" అన్నాడు.

చూద్దాం అంటే వాడి దగ్గర అవుననీ కాదు, కాదనీ కాదు. ఇంకా అడిగితే అరుస్తాడని ఊరుకున్నాను.

శనివారం. నీటూరు నుంచి భీమిలికి. కింది అంతస్తు. తెప్పలోనే రాస్తున్నాను.

నీటూరు దాటి కొంత దూరం వచ్చాక సముద్రం అడుగు నుంచి పాతిన ఒక ఎర్ర స్తంభం ఉంది. దారం సరిగ్గా దాని మీదుగా పోతుంది. ఓర పట్టినవాళ్ళకి ఆ స్తంభం ఎప్పుడూ ఎడమచేతి వైపే కనబడాలి. వెళ్ళినా అంతే, వచ్చినా అంతే, ఎందుకంటే మనం ఎప్పుడూ మన కుడికే తప్పుకుంటాం కదా. పెట్టె వచ్చాక నేను దాని కోసం చూడటం మానేశాను. ఆ వేళకి నాచు మోపులు సర్దుకుంటూ ఉంటాను. ఇవాళ కూర్చోబుద్ధి కాక అద్దం దగ్గరే నిలబడ్డాను.

స్తంభం కుడిచేతి వైపు కనబడింది.

అటు తిరిగి చూశాను, ఇటు తిరిగి చూశాను. స్తంభం కదలదు కదా. అంటే నేను దారానికి ఎడమ పక్కన ఉన్నాను. దక్షిణాన. భీమిలి నుంచి వెళ్ళేటప్పుడు నా కుడి దక్షిణమే, అది సరే. వచ్చేటప్పుడు నా కుడి ఉత్తరం. మరి వచ్చేటప్పుడు కూడా పెట్టె నన్ను దక్షిణానే ఎందుకుంచింది?

అప్పుడు అర్థమైంది. ఆఫీసువాళ్ళు మమ్మల్ని పక్కకి తప్పించలేదు. దారాన్నే జరిపారు. భీమిలి నుంచి గీసిన గీతని ఒక మైలు దక్షిణానికి జరిపి, అదే గీతని వెళ్ళేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ ఇచ్చారు. పెట్టెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎల్లాజీ అబద్ధమాడలేదు. నేనూ ఆడలేదు. పెట్టెలొచ్చిన దగ్గర్నుంచీ అందరమూ మళ్ళీ ఒకే దారం మీద పోతున్నాం. ఏ పక్కన ఉన్నావని ఒకరినొకరం అడిగి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. మాది అడగని కులం.

పెట్టె తీగ పీకేశాను. పచ్చదీపం ఆరింది. చుక్కాని పట్టుకుని తెప్పని ఉత్తరానికి తిప్పి, స్తంభం వరస దాటించి, నా అసలు కుడి పక్కకి తెచ్చాను. పెట్టె లేకపోతే దారం ఎంత దూరమో కచ్చితంగా తెలియదు, అంచనాయే. ఒక మైలు ఉంటుంది.

చేతికి పని దొరికిన సంతోషం ఎంతోసేపు లేదు. ఎల్లాజీ నిన్న అన్న మాట గుర్తొచ్చింది. ఉత్తరానికి ఎల్లిపోతాను. వాడు పెట్టెతోనే వస్తే దక్షిణాన ఉంటాడు, నేను ఇక్కడుంటే ఇద్దరం బాగుంటాం. అన్నంత పనీ చేస్తే వాడూ ఇక్కడే ఉంటాడు, నా కోసం, నా గోల తీర్చడానికి. నేను తిరిగి దక్షిణానికి పోతే? వాడు అటే ఉంటే? సందులో ఎదురుపడ్డ ఇద్దరు ఒకరికొకరు దారిచ్చి ఒకే పక్కకి తప్పుకోవడం నేలమీద నవ్వులాట. ఇక్కడ మబ్బు, పైగా వాడి ముల్లు వాడిని నా ఎత్తుకి దింపేసి ఉంటుంది.

వాడు ఎంత దిగాడో, ఎంత పక్కకి జరిగాడో తెలియకుండా నేను ఎటు జరిగినా గుడ్డిగా జరిగినట్టే. ఒకటే దారి. నడిసంద్రంలో ఫోను పనిచెయ్యదు, రేడియో దగ్గరివాళ్ళకే అందుతుంది, అందినా ఎవరమూ మా ఓర నోటితో చెప్పం. ఇవాళ చెప్పాలి. వాడికి వినబడేదాకా చెబుతూనే ఉండాలి. రాయడం ఆపుతున్నాను.

ఆదివారం. భీమిలి. తెప్ప లేదు.

లైను ఆపేశారు. అన్ని తెప్పల్లోంచీ పెట్టెలు విప్పుతున్నారు. శనివారం మధ్యాహ్నం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసివ్వమని ఆఫీసు అడిగింది. ఫోన్ చేసి అడిగింది హైమావతి గారే. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ గీత మీద ఆవిడ ఎప్పుడూ తిరిగి రాలేదు, నేను రోజు విడిచి రోజు వస్తూ కూడా చూసుకోలేదు.

నిన్న రాయడం ఆపిన దగ్గర్నుంచీ ఒకే మాట రేడియోలో చెప్పాను. కుడి, ఎడమ అనలేదు. "నూకరత్నం తెప్ప. భీమిలి వస్తన్నాను. దారానికి ఉత్తరం పక్క, ఒక మైలు." మైకు వదలడం, వినడం, మళ్ళీ చెప్పడం. గరగర తప్ప ఏమీ లేదు. నోరు ఎండిపోయింది. నీళ్ళు తాగడానికి పక్కకి పోతే ఆ క్షణంలోనే వాడు పలుకుతాడేమోనని కదల్లేదు. ఎవరికీ ఎప్పుడూ చెప్పని నా ఓర ఆకాశమంతా వినేలా చెబుతుంటే మొదట్లో సిగ్గేసింది. తర్వాత పోయింది.

మధ్యాహ్నమవుతుండగా గరగరలోంచి వాడి గొంతు వచ్చింది.

"అప్పా? ఉత్తరమా? నువ్వేటి ఉత్తరాన ఉన్నావు? నాను ఉత్తరానే ఉన్నాను."

"పెట్టె పీకీసినావా?"

"నువ్వే గదా నీడలూ నీడలూ అని."

ఆపైన ఇద్దరం ఒకేసారి మాట్లాడాం. మా రేడియోలో ఇద్దరు ఒకేసారి మైకు నొక్కితే ఎవరి మాటా ఎవరికీ అందదు, ఈల ఒక్కటే వస్తుంది. నేను తప్పుకుంటానంటున్నాను. వాడూ అదే అంటున్నాడని నాకు తెలుసు. ఈల. వదిలాను. వాడూ వదిలాడు. మళ్ళీ ఇద్దరం నొక్కాం. మళ్ళీ ఈల.

అప్పుడే నా ఎదుట మబ్బులో సందు పడింది. దాని అవతల నల్లటి మబ్బు లోపల వెలుగు ఒకటి పసుపు ముద్దలా కనబడింది. వాడి ముందు దీపం. నా పైన లేదు. సరిగ్గా నా ఎత్తులో, నాకు కాస్త కుడిగా ఉంది. నేను తెరిపిలో ఉన్నాను కాబట్టి నాకు వాడు కనబడుతున్నాడు. మబ్బు కడుపులో ఉన్న వాడికి నేను కనబడను.

ఎదురుగా ఏదో ఉందనిపిస్తే పైలట్ చెయ్యి ఆలోచించదు, కుడికే తిప్పుతుంది. మాకు అలా నేర్పారు. వాడు ఇప్పుడు తన కుడికి తిప్పితే నాకు అడ్డంగా వస్తాడు. నేను ఎడమకి తప్పుకోవాలంటే వాడు ఉన్న దారినే తిన్నగా రావాలి. రోడ్డు దాటే మనిషి ఉన్నచోట నిలబడిపోతే బండివాడు తప్పించగలడు, బెదిరి పరిగెత్తితే ఎవరూ తప్పించలేరు.

వాడు మైకు వదిలే దాకా ఆగాను. ఆగడం అంత కష్టమని నాకు తెలియదు. ఈల ఆగగానే నొక్కాను.

"ఎల్లాజీ, నాను అప్పని. నువ్వు నాకు అవుపిస్తన్నావు, నాను నీకు అవుపించను. కదలకు. కుడికి తిప్పకు. సుక్కాని మీంచి సెయ్యి తీసీ. నాను తప్పుకుంతాను. మాటాడకు. రేడియో కూడా ముట్టుకోకు. ఈ ఒక్కపాలి నా మాట ఇను."

చెప్పి వదిలాను.

మాట్లాడవద్దన్నది నేనే. విన్నాడో, నేను నొక్కిన క్షణంలోనే వాడూ నొక్కి ఈల తప్ప ఏమీ వినలేదో, నాకు తెలిసే దారి లేదు. నా మాట విన్న చరిత్ర వాడికి లేదు. ఈత వద్దంటే దూకేవాడు, ఎండలో పోవద్దంటే చెప్పులు కూడా లేకుండా పోయేవాడు, పైలట్ పని వద్దురా అంటే మర్నాడే వెళ్ళి పేరు రాయించుకున్నాడు. చుక్కాని మొత్తం ఎడమకి తోసి పట్టుకున్నాను. నాచు మోపులతో నిండిన తెప్ప తిరగడానికి మొరాయించింది. నా కళ్ళు ఆ దీపం మీదే ఉన్నాయి. అది నా వైపు జరిగితే అయిపోయినట్టే. జరిగిందనిపించింది. కాదు, తిరిగింది నేను. దీపం అక్కడే ఉంది. పెద్దదవుతోంది, అక్కడే ఉంది.

మబ్బు చీల్చుకుని వాడి తెప్ప బయటికొచ్చింది. అంత దగ్గరగా ఎదురు తెప్పని నేను ఎప్పుడూ చూడలేదు. సంచి మీద కుట్లు కనబడ్డాయి. నా కుడి పక్క నుంచి, నా అద్దాలన్నీ నింపేస్తూ పోయింది. రెండు తెప్పల గాలీ కలిసి నా గదిలో గిన్నెలన్నీ కింద పడ్డాయి. వాడి గది నా గదికి ఎదురుగా వచ్చిన క్షణంలో వాణ్ణి చూశాను. అద్దం దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ తల పైకెత్తి పట్టుకున్నాడు, చుక్కాని ముట్టుకోలేదని నాకు చూపించడానికి. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

దాటిపోయాడు. వెనక మబ్బులో వాడి దీపం కూడా కనబడటం మానేసింది. నేలమీద పడిన గిన్నెల మధ్య కూర్చుండిపోయాను. మైకు తీగకి వేలాడుతోంది.

"అప్పా" అంది రేడియో. "ఇంక కదలొచ్చా?"

మైకు అందుకుని నొక్కాను, వదిలాను.

"అప్పా, ఉన్నావా? కదలొచ్చా?"

నొక్కిపట్టి ఏడ్చాను గానీ మాట రాలేదు. వదిలాను. వాడు మూడోసారి అడిగాడు, ఈసారి నెమ్మదిగా, మా ఇంట్లో అమ్మ పోయిన రోజు అన్నం పెడతావా అని అడిగినంత నెమ్మదిగా.

"కదులురా" అన్నాను.

మైకు నొక్కడానికి ఒక చెయ్యి దించాడు గానీ, నేను అనేదాకా వాడు రెండోది దించలేదట.